బ్యూజింగెన్: ఒక కిడ్నాపు, ఒక ఊరు, మూడు వందల ఏళ్ల సరిహద్దు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మిత్రుడొకడు ఒకరోజు ఓ ప్రశ్న వేశాడు. ప్రపంచంలో ఎక్కడ ఎంత టైమయిందో లెక్కపెట్టడానికి కంప్యూటర్లన్నీ వాడుకునే జాబితా ఒకటుంది. మన దేశం మొత్తానికి అందులో 'ఏషియా/కోల్‌కతా' అని ఒక్క పేరు చాలు. యూరప్ పేర్లు చూసుకుంటూ పోతే బ్రస్సెల్స్, బుఖారెస్ట్, బుడాపెస్ట్ అని వరసగా రాజధానులు వస్తాయి. వాటి పక్కనే 'బుసింగెన్' అని ఉంటుంది. "ఇది ఏ దేశానికి రాజధాని?" అని అతని సందేహం.

ఏ దేశానికీ కాదు. సుమారు 1,500 మంది ఉండే ఒక జర్మన్ పల్లెటూరు. అసలు పేరు బ్యూజింగెన్. పూర్తిగా చెప్పాలంటే 'బ్యూజింగెన్ ఆమ్ హోఖ్‌రైన్', అంటే ఎగువ రైన్ నది ఒడ్డున ఉన్న బ్యూజింగెన్. మ్యూనిక్‌కి, ఫ్రాంక్‌ఫర్ట్‌కి విడివిడిగా లేని చోటు ఈ ఊరికి ఎందుకు దొరికిందో చెప్పాలంటే 1980 వేసవి నుంచి 1693 దాకా వెనక్కి నడవాలి. ఒక మనిషి నమ్మకం మీద అనుమానం, చుట్టాల మధ్య తగాదా, ఒక సామ్రాజ్యం పంతం ఇందులో ఉన్నాయి. జనం ఓటు వేసి చెప్పినా ఎవరూ పట్టించుకోకపోవడం కూడా ఉంది. మనలాంటి వాళ్లకి ఆసక్తి కలిగించే సరుకు చాలానే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ముందు ఊరెక్కడుందో చూద్దాం. జర్మనీ దక్షిణపు కొసన, రైన్ నదికి కుడిగట్టు మీద ఉంది. విస్తీర్ణం ఏడున్నర చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కానీ ఊరి చుట్టూ ఉన్నది జర్మనీ కాదు, స్విట్జర్లాండ్. మూడు పక్కలా షాఫ్‌హౌజెన్ అనే కాంటన్ (అక్కడి రాష్ట్రాన్ని అలా అంటారు), నదికి అవతల జ్యూరిచ్, టుర్గౌ కాంటన్లు. అసలు జర్మనీకి చేరాలంటే డ్యోర్ఫ్లింగెన్ అనే స్విస్ ఊరి పొలాలు దాటాలి. ఆ మధ్యనున్న స్విస్ నేల బాగా సన్నబడినచోట 700 మీటర్లే ఉంటుంది. మన ఊళ్లలో అయితే అంత దూరం చెరువుకెళ్లి రావడం కింద లెక్క.

యానాం చూసినవాళ్లకి ఈ పరిస్థితి కొంచెం అర్థమౌతుంది. చుట్టూ గోదావరి జిల్లాలు, మాట్లాడేది తెలుగు, పిన్‌కోడూ టెలిఫోన్ కోడూ కాకినాడ వైపువి. పరిపాలన మాత్రం వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరి నుంచి. అయితే యానాం ఎటు చూసినా ఒక దేశంలోనే ఉంది. బ్యూజింగెన్ అలా కాదు. గడప దాటితే ఇంకో దేశం.

ఇంతకీ ఇలా ఎలా అయింది? ఆ ప్రాంతంలో ఎవర్ని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "1693లో ఒక కిడ్నాపు జరిగింది, దాని ఫలితం." చరిత్రలో ఇంత నున్నటి జవాబు దొరికితే హేతువాదికి వెంటనే అనుమానం రావాలి. నాకూ వచ్చింది. ఆ కిడ్నాపు కల్పన మాత్రం కాదు. నిజంగా జరిగింది, రికార్డుల్లో ఉంది. దాని మీద ఎంత బరువు మోపవచ్చన్నదే ప్రశ్న.

ఆ కాలపు అధికారం ఎలా నడిచేదో తెలియకపోతే కిడ్నాపు కథ బుర్రకెక్కదు. ఇప్పుడు ఒక ఊరు ఒక దేశంలో ఉంటుంది, అంతే. అప్పట్లో ఒకే ఊరి మీద నలుగురికి నాలుగు రకాల హక్కులుండేవి. శిస్తు వసూలు చేసేది, చిన్నచిన్న తగాదాలు తీర్చేది ఒకరు. ఉరిశిక్ష దాకా వెళ్లే పెద్ద నేరాలు విచారించే హక్కు ఇంకొకరిది. చర్చికి చెల్లించాల్సింది మరొకరికి. ఈ హక్కుల్ని పొలం కాగితాల్లాగా అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. మన జమీందారీల కాలం తెలిసినవాళ్లకి ఇదేం వింత కాదు.

బ్యూజింగెన్ మీద పెద్ద హక్కు నెల్లెన్‌బర్గ్ అనే సంస్థానానిది. దాన్ని 1465లో ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ వంశం వాళ్లు కొనేశారు. కాబట్టి పై అధికారం ఆస్ట్రియాది, వాళ్లది కాథలిక్కు మతం. ఊళ్లో రోజువారీ పెత్తనం చేసేది ఇమ్ టుర్న్ అనే కుటుంబం. వీళ్లు పక్కనే ఉన్న షాఫ్‌హౌజెన్ పట్టణంలో పలుకుబడి ఉన్న ప్రభువుల వంశం. షాఫ్‌హౌజెన్ 1501లో స్విస్ సమాఖ్యలో చేరింది, 1529లో ప్రొటెస్టెంటు మతంలోకి మారింది. ఊరి జనమూ పట్టణంతో పాటే ప్రొటెస్టెంట్లయ్యారు. అంటే కాథలిక్కు చక్రవర్తి కింద, ప్రొటెస్టెంటు పట్టణపు దొర చేతిలో, ప్రొటెస్టెంటు రైతులున్న ఊరన్నమాట. ఊరి గుట్టమీద సెయింట్ మైకేల్ చర్చి ఇప్పటికీ ఉంది. షాఫ్‌హౌజెన్ పట్టణం పెరగక ముందు అక్కడి వాళ్లకీ ఇదే తల్లి చర్చి. ఊరూ పట్టణమూ ఎంత దగ్గరివో దీన్నిబట్టి చూడొచ్చు.

1648 నాటి వెస్ట్‌ఫేలియా ఒప్పందంతో స్విస్ సమాఖ్య జర్మన్ సామ్రాజ్యం నుంచి పూర్తిగా విడిపోయింది. షాఫ్‌హౌజెన్ ఆ విడిపోయిన వైపు, బ్యూజింగెన్ సామ్రాజ్యం వైపు ఉండిపోయాయి. అప్పట్లో జనానికి ఇది పెద్దగా తెలిసి ఉండదు. సంతకెళ్లేవాళ్లు సంతకెళ్లారు, చేపలు పట్టేవాళ్లు చేపలు పట్టారు. అది తెలియాల్సిన రోజు 1693లో వచ్చింది.

అప్పుడు ఊరి పెత్తనం ఎబర్‌హార్డ్ ఇమ్ టుర్న్ అనే ఆయనది. ఈయనకి ఊరి పాస్టరుతో పడలేదు. షాఫ్‌హౌజెన్లో ఉన్న సొంత బంధువులతోనూ పడలేదు. ఆయన లోలోపల కాథలిక్కు మతం వైపు మొగ్గుతున్నాడని ఒక అనుమానం పుట్టింది, లేదా పుట్టించారు. కాలం కూడా అలాంటిదే. 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్లకున్న రక్షణ రద్దు చేశాడు. ప్రాణాలు దక్కించుకుని పారిపోయిన వేలమంది షాఫ్‌హౌజెన్ మీదుగానే జర్మనీ వైపు వెళ్లారు. వాళ్ల ఏడుపులు కళ్లారా చూసిన పట్టణం అది. స్విట్జర్లాండ్ లోపల కూడా కాథలిక్కు, ప్రొటెస్టెంటు కాంటన్లు 1656లో యుద్ధం చేసుకున్నాయి, 1712లో మళ్లీ చేసుకోబోతున్నాయి. అలాంటి వాతావరణంలో "వాడు అవతలి మతంలో కలిసిపోతున్నాడు" అన్న మాట ఎంత పనైనా చేయిస్తుంది. ఆ మాట అన్నది సొంత బంధువులైతే ఇంకా తేలిక. మన దగ్గర కూడా మతం పేరుతో నడిచిన తగాదాల అడుగున చుట్టరికాలు, ఆస్తులు, పాత పగలు ఎన్నిసార్లు బయటపడలేదు?

1693 ఏప్రిల్ 10న బంధువులే ఎబర్‌హార్డ్‌ని పట్టుకుని షాఫ్‌హౌజెన్‌కి ఎత్తుకుపోయారు. పట్టణం వాళ్లు అతన్ని వదిలిపెట్టమని చెప్పాల్సింది పోయి విచారణ చేశారు. మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని జీవిత ఖైదుగా మార్చారు.

ఒక మనిషి మనసులో ఏముందన్న అనుమానానికి మరణశిక్ష దాకా వెళ్లినవాళ్లు ఎవరో చూడండి. అవతలి మతం వాళ్ల హింసకు గురై వచ్చిన శరణార్థులకి ఎనిమిదేళ్ల కిందట అన్నం పెట్టిన పట్టణం వాళ్లే. హింసను అనుభవించిన, కళ్లారా చూసిన సమాజాలు ఆటోమేటిగ్గా ఉదారంగా మారిపోతాయని మనలో చాలామంది అనుకుంటారు. షాఫ్‌హౌజెన్ ఆ లెక్కకి అందలేదు. వాళ్లకి కాథలిక్కుల క్రూరత్వం మీద కోపం ఉంది. నమ్మకం కోసం మనిషిని శిక్షించడం అనే పద్ధతి మీద లేదు.

ఆస్ట్రియాకి మండింది. అది మతస్వేచ్ఛ మీద ప్రేమ అనుకునేరు. అలాంటిదేం లేదు. తన రాజ్యంలో ప్రొటెస్టెంట్లని అదే హాబ్స్‌బర్గ్ వంశం ఎలా చూసిందో హంగరీ, బొహీమియా చరిత్ర చదివితే తెలుస్తుంది. వాళ్ల అభ్యంతరం వేరే: మా నేల మీద ఉన్న మనిషిని మీరెలా ఎత్తుకెళ్తారు, మాకున్న పెద్ద నేరాల విచారణ హక్కుని మీరెలా వాడుకుంటారు? బెదిరింపులు నడిచాయి. ధాన్యం రాకుండా ఆపుతామన్నారు, సైన్యం పంపుతామన్నారు. షాఫ్‌హౌజెన్ ఏళ్ల తరబడి బిగిసి కూర్చుంది. చివరికి 1699లో దిగొచ్చి ఎబర్‌హార్డ్‌ని వదిలేసింది. ఆరేళ్లు జైల్లో ఉన్నాడు.

మనిషి బయటికొచ్చాడు, ఊరు మాత్రం ఇరుక్కుపోయింది. షాఫ్‌హౌజెన్ 1723లో చాలా డబ్బు పోసి చుట్టుపక్కల రైయాట్ ప్రాంతపు ఊళ్ల మీద పై హక్కులన్నీ ఆస్ట్రియా దగ్గర కొనుక్కుంది. అన్నీ అమ్మిన ఆస్ట్రియా బ్యూజింగెన్ ఒక్కటీ అమ్మలేదు. "షాఫ్‌హౌజెన్ వాళ్లకి ఇది ఎప్పటికీ కంట్లో నలుసులా ఉండనీ" అన్న పంతంతోనే అట్టిపెట్టుకుందని అక్కడ తరతరాలుగా చెప్పుకునే మాట.

ఇక్కడితో ఆపేస్తే కథ చక్కగా ఉంటుంది. ఒక కిడ్నాపు, ఒక పంతం, ఒక వింత సరిహద్దు. కానీ కాగితం మీద మ్యాపు గీసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. 1723 తర్వాత కూడా బ్యూజింగెన్ దీవి కాదు. పక్కనున్న డ్యోర్ఫ్లింగెన్ మీద పై హక్కు ఇంకా ఆస్ట్రియాదే. దాని మీదుగా ఆస్ట్రియా నేలతో సంబంధం ఉంది. 1770లో ఆస్ట్రియా డ్యోర్ఫ్లింగెన్, రామ్‌జెన్ అనే ఊళ్ల మీద హక్కుల్ని జ్యూరిచ్‌కి అమ్మింది. ఆ రోజుతో బ్యూజింగెన్ చుట్టూ స్విస్ నేల మూసుకుపోయింది. అంటే ఊరిని స్విట్జర్లాండ్‌కి పోకుండా ఆపింది పంతమైతే, దాన్ని దీవిగా మార్చింది డబ్బు అవసరం. కిడ్నాపుకీ ఈ అమ్మకానికీ మధ్య 77 ఏళ్లున్నాయి. 1693 నాటి వాళ్లెవరూ బతికి ఉండే అవకాశమే లేదు.

దీవి అయినంత మాత్రాన ఇప్పటిదాకా అలాగే ఉండిపోవాలని కూడా లేదు. యూరప్‌లో అలాంటి ముక్కలు వందలుండేవి. నెపోలియన్ కాలంలో చాలావాటిని ఊడ్చేశారు. బ్యూజింగెన్ మాత్రం చేతులు మారింది కానీ చోటు మారలేదు. 1805లో ప్రెస్‌బర్గ్ సంధి ప్రకారం ఓడిపోయిన ఆస్ట్రియా నెల్లెన్‌బర్గ్‌ని వ్యుర్టెంబర్గ్‌కి ఇచ్చింది. 1810లో వ్యుర్టెంబర్గ్ దాన్ని బాడెన్‌కి ఇచ్చింది. షాఫ్‌హౌజెన్ మీద పంతం పట్టిన ఆస్ట్రియా ఈ కథలోంచి అక్కడే వెళ్లిపోయింది. బాడెన్‌కి షాఫ్‌హౌజెన్ మీద ఏ పగా లేదు. అయినా ఊరు స్విట్జర్లాండ్‌కి వెళ్లలేదు. ఏ రాజ్యమూ ఉన్న నేలని ఊరికే వదులుకోదు, దానికి 1693తో పనిలేదు.

అలా వదలకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది 1849 జులైలో బయటపడింది. బాడెన్లో ప్రజాస్వామ్యం కోసం జరిగిన తిరుగుబాటుని అణిచేయడానికి వచ్చిన సైన్యాల్లో హెస్సే రాజ్యపు దళం ఒకటి స్టీమరెక్కి బ్యూజింగెన్లో దిగింది. ఆ స్టీమరు వచ్చిన దారి స్విస్ జలాల మీదుగా. మా తటస్థతకి భంగం అని స్విట్జర్లాండ్ సైన్యాన్ని కదిలించింది. జనరల్ ద్యుఫూర్ నాయకత్వం. చిన్న దళం ఒకటి, దాని చుట్టూ స్విస్ నేల. ఎటు కదిలినా స్విట్జర్లాండ్ మీద అడుగేయాల్సిందే. కొన్ని రోజులు బేరాలాడి, చివరికి స్విస్ కాపలా మధ్య ఆ సైనికులు వెళ్లిపోయారు. ఎవరూ చావలేదు. కొత్తగా 1848లో రాజ్యాంగం రాసుకున్న స్విస్ సమాఖ్యకి ఇది మొదటి పరీక్షల్లో ఒకటి.

తర్వాత 1871లో జర్మన్ సామ్రాజ్యం వచ్చింది. బాడెన్‌తో పాటు ఊరూ అందులోకి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరి కుర్రాళ్లు జర్మన్ సైన్యంలో పనిచేశారు. యుద్ధం అయిపోయాక, జాతులు తమ భవిష్యత్తు తామే నిర్ణయించుకోవాలన్న విల్సన్ మాటలు యూరప్ అంతా మోగుతున్న రోజుల్లో, బ్యూజింగెన్ వాళ్లు ఓటింగు పెట్టుకున్నారు. 96 శాతం మంది స్విట్జర్లాండ్‌లో కలుస్తామన్నారు.

మీకు తెలిసిన ఎన్నికల్లో 96 శాతం ఎక్కడైనా చూశారా? నియంతలు పెట్టించే ఓటింగుల్లో తప్ప అంత రాదు. ఇక్కడ బెదిరించినవాళ్లు లేరు. పని షాఫ్‌హౌజెన్లో, బజారు షాఫ్‌హౌజెన్లో, చుట్టాలు షాఫ్‌హౌజెన్లో ఉన్న జనం చెప్పిన మాట అది.

ఏమీ జరగలేదు. ఊరిని వదులుకుంటే బదులుగా అంత నేల కావాలని జర్మనీ. ఇవ్వడానికి తగిన నేల లేదని స్విట్జర్లాండ్. అక్కడితో ఆగిపోయింది. 1919లో ఆస్ట్రియాలోని ఫొరార్ల్‌బెర్గ్ రాష్ట్రంలో కూడా నూటికి ఎనభై మంది స్విట్జర్లాండ్‌లో కలుస్తామని ఓటేశారు. అదీ జరగలేదు. అంతమంది జర్మన్ మాట్లాడే కాథలిక్కులు ఒకేసారి వచ్చి చేరితే దేశంలో భాషల, మతాల తూకం చెడుతుందని స్విట్జర్లాండ్‌లో చాలామంది వెనకాడారు. ఎబర్‌హార్డ్‌ని జైల్లో పెట్టిన రెండు శతాబ్దాల తర్వాత కూడా ఎవరిది ఏ మతం అన్న లెక్క సరిహద్దుల దగ్గర కాచుక్కూర్చునే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ 700 మీటర్లు మరీ ఎక్కువయ్యాయి. సెలవు మీద ఇంటికొచ్చే బ్యూజింగెన్ సైనికుడు జర్మనీ వైపు గొట్‌మాడింగెన్ దగ్గర ఆయుధం అప్పగించాలి. అక్కడి నుంచి తటస్థ దేశంలో జర్మన్ యూనిఫాం కనిపించకూడదు కాబట్టి స్విస్ సరిహద్దు కాపలావాళ్లు ఒక పెద్ద కోటు ఇచ్చేవారు. అది పైన వేసుకుని డ్యోర్ఫ్లింగెన్ మీదుగా నడిచి ఇల్లు చేరాలి. పాపం ఎండాకాలంలో ఏం చేసేవారో! 1944 ఏప్రిల్ 1న అమెరికన్ విమానాలు షాఫ్‌హౌజెన్ని జర్మన్ పట్టణం అనుకుని బాంబులేశాయి. 40 మంది చనిపోయారు. రైన్ నదికి ఉత్తరాన ఉన్నదంతా జర్మనీయే అన్న పొరపాటు అలాంటిది. పై నుంచి చూసేవాడికి ఊళ్లూ పొలాలూ కనిపిస్తాయి గానీ 1723 నాటి అమ్మకపు పత్రాలు కనిపించవు.

1945 తర్వాత ఈ ప్రాంతం ఫ్రెంచి సైన్యం ఏలుబడిలోకి వచ్చింది. 1952లో బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రం ఏర్పడ్డాక ఊరు అందులో భాగమైంది, జిల్లా కొన్‌స్టాన్జ్. ఊరిని ఇటు ఇద్దామా అటు ఉంచుదామా అన్న చర్చ మళ్లీ లేచింది, మళ్లీ తెగలేదు. అయితే ఈసారి రెండు ప్రభుత్వాలూ ఒక తెలివైన పని చేశాయి. సరిహద్దు మార్చలేం, పోనీ సరిహద్దు వల్ల వచ్చే బాధ తగ్గిద్దాం అనుకున్నాయి. 1964 నవంబర్ 23న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1967 అక్టోబర్ 4 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ ఒప్పందంలోనే ఇంకో ముక్క సంగతి తేల్చేశారు. ఫెరెనాహోఫ్ అని మూడు ఇళ్లు, పదకొండుమంది మనుషులు, 43 హెక్టార్ల నేల. ఇదీ స్విట్జర్లాండ్ మధ్యలో ఉన్న జర్మన్ ముక్కే. దాన్ని స్విట్జర్లాండ్‌కి ఇచ్చి అంతే నేల ఇంకోచోట తీసుకున్నారు. పదకొండుమంది కాబట్టి పని అయిపోయింది. వాళ్లని ఓటడిగే అవసరం కూడా ఎవరికీ కలగలేదు. బ్యూజింగెన్ వాళ్లు ఓటేసి చెప్పినా కానిది వీళ్లకి అడగకుండానే జరిగింది.

బ్యూజింగెన్‌కి దొరికిన ఏర్పాటు ఏమిటంటే: దేశం జర్మనీ, బజారు స్విట్జర్లాండ్. కస్టమ్స్ పరంగా ఊరు స్విట్జర్లాండ్‌లో భాగం. వ్యవసాయం, సరుకుల పన్నులు లాంటి చాలా విషయాల్లో స్విస్ చట్టాలే. పౌరసత్వం, నేరాల చట్టం, ఆదాయపు పన్ను, ఎన్నికలు జర్మనీవి. యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ చట్టంలో తన పరిధి రాసుకుంటూ, జర్మనీలో రెండు చోట్లని బయట పెట్టింది. ఒకటి సముద్రంలో ఉన్న హెలిగోలాండ్ దీవి, రెండోది నేల మీద దీవి అయిన ఈ ఊరు. కాబట్టి ఇక్కడివాళ్లు యూరోపియన్ పార్లమెంటుకి ఓటేస్తారు, కానీ ఆ యూనియన్ కస్టమ్స్ గీతకి బయట ఉంటారు. పక్కనే ఇల్లు కొనుక్కుని ఉంటున్న ఫ్రెంచి పౌరుడు ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు, యూనియన్ పౌరుడు కాబట్టి. నడిచివచ్చేంత దూరంలో పుట్టి ఇక్కడ ఉంటున్న స్విస్ పౌరుడు వేయలేడు.

చిన్నచిన్న సంగతులు వింటే నవ్వొస్తుంది. ఊరికి రెండు పిన్‌కోడ్లు, ఒకటి జర్మనీది 78266, ఒకటి స్విట్జర్లాండ్‌ది 8238. ఏ దేశం స్టాంపు అంటించాలో కవరు రాసేవాళ్ల ఇష్టం. టెలిఫోన్ నంబర్లు రెండు దేశాలవీ ఉంటాయి. ఒకప్పుడు రెండు దేశాల టెలిఫోన్ బూత్‌లు పక్కపక్కన ఉండేవి. కొన్‌స్టాన్జ్ జిల్లాలో ఈ ఒక్క ఊరి బళ్లకి వేరే అక్షరాల గుర్తు. స్విస్ కస్టమ్స్ వాళ్లు చూడగానే ఇది మన బజారు బండే అని పోల్చుకోవాలి కదా. జర్మనీలో ఇంత అరుదైన నంబరు ప్లేటు దొరకడం కష్టం. ఊరి ఫుట్‌బాల్ టీము స్విస్ లీగులో ఆడుతుంది. ప్రాథమిక బడి ఊళ్లోనే, ఆ తర్వాత పిల్లలు జర్మన్ బడికి పోవచ్చు, స్విస్ బడికి పోవచ్చు. పోలీసులకి మాత్రం లెక్కుంది: స్విస్ పోలీసులు ఒకేసారి పదిమందికి మించకూడదు, జర్మన్ పోలీసులు వందమంది జనానికి ముగ్గుర్ని మించకూడదు. ఏ ఊరికైనా అంతమంది పోలీసులెందుకో నాకు బోధపడలేదు గానీ, రెండు దేశాల అధికారులు టేబుల్‌కి రెండుపక్కలా కూర్చుంటే అలాంటి అంకెలే పుడతాయి.

నవ్వు రాని సంగతి పన్ను. కూరగాయల దగ్గర్నుంచి అద్దెల దాకా ధరలు స్విట్జర్లాండ్‌లాగా ఉంటాయి, జేబులో తిరిగేది ఎక్కువగా ఫ్రాంకులే. అమ్మకపు పన్ను స్విస్ రేటు, 2024 నుంచి 8.1 శాతం. మిగతా జర్మనీలో 19 శాతం కాబట్టి ఇక్కడిదాకా లాభమే. ఆదాయపు పన్ను మాత్రం జర్మన్ రేటు. షాఫ్‌హౌజెన్లో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఒకే జీతానికి పనిచేసేవాళ్లలో బ్యూజింగెన్‌లో ఉండేవాడికి చేతికొచ్చేది తక్కువ. కొంత మినహాయింపు ఇచ్చినా తేడా పూడలేదు. కుర్రాళ్లు ఇల్లు కట్టుకునే వయసొచ్చేసరికి ఆ గీత దాటి స్విట్జర్లాండ్ వైపు మారిపోతారు. అటునుంచి పెన్షనర్లు ఇటు వస్తారు. ఊళ్లో నెరిసిన తలలే ఎక్కువ కనిపిస్తాయి.

పరిపాలన మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1970ల మొదట్లో బాడెన్-వ్యుర్టెంబర్గ్ ప్రభుత్వం చిన్న ఊళ్లని పెద్ద మునిసిపాలిటీల్లో కలిపేసింది. 3,300కి పైగా ఉన్న స్థానిక సంస్థలు సుమారు 1,100కి తగ్గాయి. 1,500 మంది ఉన్న ఊరు మామూలుగా అయితే ఆ దెబ్బకి పేరు పోగొట్టుకోవాలి. బ్యూజింగెన్ నిలిచింది. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రత్యేకమైన అంతర్జాతీయ ఒప్పందం ఉన్న ఊరిని పక్క ఊళ్లో ఎలా కలుపుతారు? కొన్ని పనులకి గొట్‌మాడింగెన్, గైలింగెన్‌లతో కలిసి ఉమ్మడి వ్యవస్థ ఉంది. అంతే తప్ప సొంత మేయరు, సొంత కౌన్సిలు అలాగే ఉన్నాయి. మేయరుని నేరుగా జనమే ఎనిమిదేళ్లకోసారి ఎన్నుకుంటారు.

ఇది చదువుతున్నవాళ్లకి ఈపాటికి కూచ్‌బెహార్ గుర్తొచ్చే ఉంటుంది. బెంగాల్, బంగ్లాదేశ్ సరిహద్దులో చిట్‌మహల్ అనే ముక్కలుండేవి. బంగ్లాదేశ్ లోపల 111 భారతీయ ముక్కలు, మన దేశం లోపల 51 బంగ్లా ముక్కలు. ముక్కలో ముక్క, అందులో ఇంకో ముక్క కూడా ఉండేది. వాటికీ ఒక నున్నటి కథ ఉంది: కూచ్‌బెహార్ రాజు, రంగ్‌పూర్ ఫౌజ్‌దారు చదరంగం ఆడుతూ ఊళ్లని పందెం కాసుకున్నారట. ఈ కథకి ఆధారం లేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మొఘలులకీ కూచ్ రాజులకీ కుదిరిన ఒప్పందాలకి ఆధారం ఉంది. ఎవరి చేతిలో ఏ ఊరుంటే అది వాళ్లదే అని ఆగిపోయిన యుద్ధం మిగిల్చిన ముక్కలవి. బ్యూజింగెన్ కిడ్నాపు రికార్డుల్లో ఉంది, చదరంగం పందెం లేదు. ఆ తేడా ముఖ్యమే. అయినా రెండు కథలూ చేసే పని ఒక్కటే. రెండు శతాబ్దాల పాటు ఎన్నో ఆఫీసులు, ఎందరో అధికారులు చేయని పనిని, తీసుకోని నిర్ణయాన్ని, ఒక దొరల తగాదా మీదికి నెట్టేస్తాయి.

జనం బతుకుల్లో తేడా మాత్రం చాలా ఉంది. చిట్‌మహల్ వాసికి కరెంటు లేదు, ఓటు లేదు, బడికి పోవాలంటే తండ్రి పేరు దొంగతనంగా రాయించుకోవాలి, ఆసుపత్రికి పోవాలంటే దొంగచాటుగా సరిహద్దు దాటాలి. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహమాన్ ఒప్పందం చేసుకున్నారు. అది పూర్తిగా అమలవడానికి 2015 జులై 31 అర్ధరాత్రి దాకా, అంటే 41 ఏళ్లు పట్టింది. రాజ్యాంగానికి వందో సవరణ అందుకోసమే చేశారు. గీత గీసినవాళ్లు ఇక్కడా అక్కడా రాజులే, కారణాలూ దాదాపు ఒకలాంటివే. ఒకచోట జనం రెండు దేశాల స్టాంపులు వాడుకున్నారు. ఇంకోచోట ఏ దేశమూ మాది కాదందని తిరిగారు. జర్మన్లూ స్విస్సులూ మనకన్నా మంచివాళ్లని నేననడం లేదు. పన్ను ఎవరు కట్టించుకోవాలి, పోలీసు ఎక్కడిదాకా రావచ్చు, పిల్లాడు ఏ బడికి పోవాలి అని కూర్చుని రాసుకున్నారు, అంతే. అది రాసుకోవడానికి వాళ్లకీ 1967 దాకా పట్టింది.

మిత్రుడి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 1980 ఏప్రిల్లో పశ్చిమ జర్మనీ వేసవికాలానికి గడియారం గంట ముందుకి తిప్పే పద్ధతి మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ ఆ ఏడాది తిప్పలేదు, 1981లో గానీ మొదలుపెట్టలేదు. చట్టం ప్రకారం జర్మనీలో ఉన్నా, బ్యూజింగెన్ షాఫ్‌హౌజెన్ గడియారాన్నే పట్టుకుంది. బస్సులు, బజార్లు, ఆఫీసులు అన్నీ అటువైపే కదా. ఆ ఒక్క వేసవి జిల్లా కేంద్రం కొన్‌స్టాన్జ్‌లో పది కొడితే ఊళ్లో తొమ్మిది. అప్పట్నుంచి ఇప్పటిదాకా మళ్లీ తేడా రాలేదు. టైముల జాబితా చూసేవాళ్లు 2013లో ఈ సంగతి గమనించి ఊరికి సొంత పేరు ఇచ్చారు.

ఇదంతా విని అతను అన్నాడు: "ఇప్పుడు రెండు టైములూ ఒకటే అయితే ఆ పేరు తీసేయొచ్చుగా?" తీసేస్తే 1980 జులైలో ఆ ఊళ్లో పుట్టిన పాప పుట్టిన టైము కంప్యూటర్ గంట తప్పు చూపిస్తుంది. కాబట్టి ఉంచారు.